పసుపు పొట్లంలో రెండెకరాలు

వెళ్ళొచ్చి నెల దాటినా నా చేతిసంచి జిప్పు తీస్తే ఇంకా పసుపు వాసన వస్తోంది. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉండి, సమ్మెతో బస్సులన్నీ ఆగిపోయిన రోజుల్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల తిరిగొచ్చానంటే ఏం పని మీద అని అందరూ అడుగుతున్నారు. వీడియో గేములు ఆడేవాళ్ళతో మాట్లాడటానికి అని చెబితే ఎవరూ నమ్మడం లేదు. మా అమ్మ అయితే నేను ఏదో దాస్తున్నానని తేల్చేసింది.

నేను హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ఆటగాడు ఎంతవరకు ఆడాడో, ఏం గెలిచాడో అదంతా మెమరీ కార్డులో భద్రంగా ఉంటుంది. ఆ కార్డును మళ్ళీ మిషన్‌లో పెట్టుకుంటే ఆగినచోటు నుంచే ఆడుకోవచ్చు. ఇకముందు ఆ కార్డులు తీసేసి, ఆడిన ఆటలన్నీ ఇంటర్నెట్ ద్వారా కంపెనీ కంప్యూటర్లలోనే దాచాలని మా బాసు ఆలోచన. లోకమంతా అటే పోతోందట. "చిన్న ఊళ్ళ ఆటగాళ్ళు ఏమంటారో కనుక్కుని రండి" అన్నాడు. సమ్మె కదండీ అంటే, "మరీ మంచిది, అందరూ ఖాళీగా దొరుకుతారు" అన్నాడు. చెప్పడానికేం, జీపులో వేలాడేది ఆయన కాదు కదా!

నాది కోనసీమ. నోరు తెరిస్తే ఆ సంగతి దాగదు. ఆ రోజుల్లో ఆ యాసతో ఆ ఊళ్ళలో అడుగుపెట్టడమంటే కాస్త భయం వేసిన మాట నిజం.

జగిత్యాల: ఇటు ఆట, అటు దీక్ష

గడియారం టవర్ దగ్గర సందులో రాజేశం గారి గేమ్ సెంటర్. గంటకు పది రూపాయలు. కాలేజీలు మూతపడటంతో లోపల కాలు పెట్టే చోటు లేదు. ఎదురుగా రోడ్డు పక్కన రిలే నిరాహార దీక్ష టెంటు. ఒకతను టెంటులో నుంచి లేచొచ్చి ఆట దగ్గర కూర్చుంటే, ఆడుతున్నతను లేచి వెళ్ళి టెంటులో కూర్చుంటున్నాడు. ఆట ఎక్కడుందో ఒకరికొకరు గుమ్మంలోనే చెప్పుకుంటున్నారు. ఇంత క్రమశిక్షణ నేను మా ఆఫీసులో కూడా చూడలేదు.

నన్ను నేను పరిచయం చేసుకున్నాను. అంతే, గదిలో చప్పుడంతా తగ్గిపోయింది.

"మేడం, మీది గోదావరి దిక్కా?" అని ఒకతను అడిగాడు.

"అవునండీ" అన్నాను.

"మరి పూతరేకులు తేలేదేంది?"

గదంతా ఘొల్లుమంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రాజేశం గారు కుర్చీ తెప్పించి, చిన్న గ్లాసులో చాయ్ ఇప్పించి, "మా కొట్లాట మీతోని కాదమ్మా. కూసోండ్రి. ఏమడుగుతరో అడుగుండ్రి" అన్నారు.

అడగాల్సిన అవసరమే రాలేదు. మాటలు వాటంతటవే వచ్చిపడ్డాయి.

"ఏ ఆట సూసినా తుపాకులే మేడం. కాల్చుడు, ఉరుకుడు, మల్ల కాల్చుడు. పొద్దుగాల లేస్తే రోడ్డు మీద లాఠీలు సూస్తనే ఉన్నం. ఈడికచ్చినా గదేనా?"

"ఏడాదికో కొత్త ఆట తీస్తరు. పాత మిషన్ల నడవది. ఆట కొనాల్నా, మిషన్ కొనాల్నా?"

"చాయ హోటల్ల కూసోని పొద్దంతా క్యారమ్స్ ఆడితే ఎవ్వలేమనరు. గీడ గంట కూసుంటే పోరడు కరాబైండంటరు."

ఇంటర్నెట్ ఉంటేనే ఆట నడిచేలా చేస్తే ఎలా ఉంటుందని అడిగాను. రాజేశం గారు పైకప్పు వంక చూశారు. "నాలుగు చినుకులు వడితే ఇంటర్నెట్ వోతది. ఇగ నా దుకాణం కూడ బందే." కార్డుల గురించి తెలుసుకోవాలంటే మాత్రం కోరుట్లలో తన అక్క ఇంటికి వెళ్ళమన్నారు. "మా మేనకోడలు సౌజన్య చెప్తది మీకు. ఆ కార్డు మీదనే వాళ్ల ఇల్లు నడుస్తది" అన్నారు. అదేదో మాటవరసకు అన్నారనుకున్నాను.

కోరుట్ల: ఆవు ఈనిన కబురు

రాజేశం గారి అక్క గంగవ్వ గారు వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. నేను చెప్పులు విప్పేలోపే "తిన్నవా బిడ్డా?" అన్నారు. మావైపు ముందు మంచినీళ్ళిచ్చి, ఊరూ పేరూ అడిగి, ఆ తర్వాత భోజనం సంగతి ఎత్తుతారు. ఇక్కడ తిన్నాకే పేరు. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. పచ్చిపులుసును మా చారుకు చెల్లెలనుకుని గటగటా తాగేశాను. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గంగవ్వ గారు బెల్లం ముక్క చేతిలో పెట్టారు.

ఆవిడ భర్త నర్సయ్య దుబాయిలో మేస్త్రీ పని చేస్తారు. వాళ్ళకు భూమి లేదు, ముందు తరాలకూ లేదు. సౌజన్య ఏడో తరగతిలో ఉండగా ఆయన సెలవుకొస్తూ టీవీకి తగిలించి ఆడుకునే పాత గేమ్ మిషన్ ఒకటి పట్టుకొచ్చారు. అలాంటిదే ఆయన ఉండే గదిలోనూ ఒకటుందట. ఇప్పుడు సౌజన్య ఇంటర్ చదువుతోంది. ఇన్నేళ్ళుగా తండ్రీ కూతుళ్ళు ఒకే ఆట ఆడుతున్నారు. అది వ్యవసాయం ఆట. ఒక ఇల్లు, కొంచెం పొలం, ఆవు, కోళ్ళు.

నర్సయ్య గారు అక్కడ ఒక పంట తీసి కార్డులో భద్రం చేస్తారు. సెలవుకొచ్చేవాళ్ళెవరో ఆ కార్డు తెస్తారు. సౌజన్య ఇక్కడ ఇంకో పంట తీస్తుంది. తిరిగి వెళ్ళేవాళ్ళ పార్సిల్‌లో కార్డు వెనక్కి వెళుతుంది. గంగవ్వ గారు మిషన్ ముట్టుకోరు. బీడీ ఆకు కత్తిరిస్తూనే "కోళ్లకు గింజలేసినవా? బెండతోటకు నీళ్లేవి?" అని పెత్తనం చేస్తారు.

"ఎన్ని ఎకరాలు ఉంటుందమ్మా?" అని అడిగాను.

"ఆటల చెప్పరు మేడం. నాయిన రెండెకరాలంటడు. అమ్మ ఎకరంనరే అంటది. గదొక్కటే లొల్లి" అని నవ్వింది సౌజన్య. "పసుపు ఏద్దామంటడు నాయిన. ఆటల పసుపు లేదు. ముల్లంగి తీరుగ ఏదో తెల్ల దుంప ఉన్నది. మీరు ఆటలు చేసేటోళ్లకు పసుపు తెల్వదా?"

నేను ఫోను ఉంది కదా అన్నాను.

"ఫోన్ల ఏం మాట్లాడుతం మేడం? తిన్నవా? తిన్న. మంచిగున్నవా? మంచిగున్న. గంతే. అదే మన ఆవు ఈనిందని చెప్తే అద్దగంట మాట్లాడుతడు."

అంత విలువైన ఆటకు ఇంకో కార్డులో నకలు తీసి పెట్టుకోవచ్చు కదా అన్నాను. ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "రెండు కార్డులైతే రెండు పొలాలైతయి. నాయిన ఒకదాంట్ల నాటేస్తడు, నేను ఒకదాంట్ల కోస్త. అసలుదేది?" అప్పుడు మా బాసు పథకం విప్పి చెప్పాను. కార్డే అక్కర్లేదు, అంతా ఇంటర్నెట్‌లో మా దగ్గరే ఉంటుంది, పోదు.

"మీ కంపెనీ మూతవడితే మా పొలం ఎవ్వలదైతది?" అంది సౌజన్య.

మా కంపెనీ పరిస్థితి నాకు తెలుసు. మాట మార్చి, ఈ కార్డు మళ్ళీ ఎప్పుడు వెళుతుందని అడిగాను.

నర్సయ్య గారి గదిలోనే ఉండే మల్లేశం సెలవు మీద సిరిసిల్ల వచ్చారు. ఎల్లుండి తిరుగు ప్రయాణం. బస్సులు లేక పార్సిల్ కోరుట్లలోనే చిక్కుకుపోయింది. నేను మర్నాడు సిరిసిల్లకే వెళుతున్నానని తెలియగానే తల్లీ కూతుళ్ళ ముఖాలు విప్పారాయి. సకినాలు, మామిడి తొక్కు పచ్చడి, బీడీ కట్టలు, పెద్ద పసుపు పొట్లం సంచిలో సర్దారు. సౌజన్య అగ్గిపెట్టంత నల్లటి కార్డును ప్లాస్టిక్ కవర్లో చుట్టి పసుపు మధ్యలోకి గుచ్చింది.

"ఎయిర్‌పోర్టుల మిషన్లకెల్లి పోనిస్తరు గదా. పసుపుల ఉంటే ఆటకు ఏం గాదు."

పసుపుకు అలాంటి శక్తి లేదని చదువుకున్నదాన్ని కనక చెప్పబోయాను. "ఇన్నిసార్లు పోయచ్చింది. ఒక్కసారన్న కరాబైందా?" అంది.

కార్డు పెట్టేముందు చివరిసారి ఆట తెరిచి చూపించింది. ఆటలోని రైతును పొలమంతా తిప్పి, తీసుకొచ్చి గేటు బయట నిలబెట్టి, అక్కడ ఆట ఆపింది. "ఎప్పుడు గీన్నే ఆపుత మేడం. నాయిన తెరువంగనే ఇంటికచ్చినట్టుంటది."

గంగవ్వ గారు సంచి నా చేతికిచ్చి, "పైలం బిడ్డా" అన్నారు. పైలం అంటే జాగ్రత్త.

కొడిమ్యాల దాటాక: మైకులో పప్పు సంగతి

మర్నాడు లచ్చన్న అనే ఆయన జీపులో ఎక్కాను. కొడిమ్యాల దాటాక రోడ్డు మీద రాళ్ళు, వాటి వెనక పొయ్యిలు. వంటావార్పు అన్నమాట. రోడ్డు మీదే వండుకుని తింటూ రాకపోకలు ఆపేయడం ఆ రోజుల్లో ఊరూరా సాగిన నిరసన. ఇరుక్కుపోయినవాళ్ళకు కూడా వడ్డిస్తారు. ఇరుక్కున్నవాళ్ళు తమ దగ్గరున్నదేదో వంటకు ఇస్తారు. లారీవాళ్ళు ఉల్లిగడ్డల బస్తా దించారు. ఒకాయన నూనె ఇచ్చాడు. మావైపు రోడ్డు ఆపితే తిట్టుకుంటూ కూర్చుంటాం. ఇక్కడ విస్తళ్ళు కుడుతూ కూర్చున్నారు.

నేను పక్క చేలో బోరు దగ్గర ముఖం కడుక్కుని వచ్చేసరికి బంతి సాగుతోంది. మోదుగాకు విస్తట్లో వేడివేడి అన్నం, పప్పు. అంత కమ్మని పప్పు ఈమధ్య తినలేదు. మారు వడ్డించుకున్నాను. "పసుపు ఎంత బాగుందండీ!" అని మెచ్చుకున్నాను కూడా.

"మంచిగుండదా మేడం? మన సంచిలదే!" అన్నాడు లచ్చన్న.

ఏ సంచి అని గబుక్కున అడిగాను.

పసుపు సరిపోలేదని ఆడవాళ్ళు కేకేస్తే, మా సంచిలో పొట్లం కనపడి తీసి ఇచ్చేశాడట. ఆ మనిషిని తిట్టే వీలు కూడా లేదు. అక్కడ ఇంటింటికీ పసుపు బస్తాల్లో ఉంటుంది. పసుపుకు అడిగి తీసుకోవడమేమిటి? మావైపు అరటిపండు అడిగి తింటామా?

విస్తరి వదిలేసి పరుగెత్తాను. పొయ్యి దగ్గర చిరిగిన కాగితం తప్ప ఏమీ లేదు. ఆ కాగితం చూడగానే గంగవ్వ గారి "పైలం బిడ్డా" గుర్తొచ్చి ఏడుపొచ్చేసింది. ఆ కార్డుకు నకలు లేదు. ఏడో తరగతి నుంచి ఆ పిల్ల, వాళ్ళ నాన్న పండించిన పంటలన్నీ అందులో ఉన్నాయి. మా బాసు చెప్పిందే నిజం, ఇంటర్నెట్‌లో ఉంటే ఈపాటికి పప్పులో ఉడికేది కాదు కదా అని కూడా అనిపించింది.

విషయం లచ్చన్నకు చెప్పాను. వెంటనే మైకు లాక్కున్నాడు. నినాదాలు ఆగాయి.

"అన్నలారా, అక్కలారా! పప్పుల అగ్గిపెట్టంత నల్లబిళ్ల అస్తే ఎవ్వలు నములకుండ్రి! దుబాయిల ఉన్న మనిషి పొలం అది!"

అందరూ తినడం ఆపి తమ తమ విస్తళ్ళు కెలుక్కున్నారు. ఇద్దరు పెద్ద గంటెలతో డేగిసా అడుగుదాకా దేవారు. బందోబస్తు కానిస్టేబులు కూడా తన విస్తరి వంచి చూసుకున్నాడు. ఎక్కడా లేదు. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాను.

అప్పుడు బిందె చంకన పెట్టుకుని ఒక పెద్దావిడ వచ్చింది. పేరు పోశవ్వ. కూలి పనికి పోయే మనిషి, ఆ పూట పప్పు వండింది ఆవిడే. నీళ్ళకు వెళ్ళి వస్తోంది. సంగతి విని తాపీగా బిందె దించి, కొంగు ముడి విప్పింది. అందులో మిగిలిన పసుపు, పసుపు మధ్యలో నల్లటి మూల.

"రెండు పిడికిళ్లే ఏసిన. మంచి పసుపున్నది, రోడ్డు మీద పారబోసుడెందుకని కట్టుకున్న. గిదేనా ఏంది?"

ఆవిడను అమాంతం కావలించుకున్నాను. నా చీర సగం పసుపైంది. లచ్చన్న మైకులో "దొరికింది!" అని అరిచాడు. అక్కడున్న వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తర్వాత మామూలుగా నినాదాలు మొదలయ్యాయి.

ఈ బిళ్ళలో పొలం ఎలా ఉంటుందని పోశవ్వ అడిగింది. చెప్పాను. దున్నడం, నాటడం, నీళ్ళు, కోత అన్నీ విని, "కూలోళ్లెందరు?" అంది. కూలివాళ్ళు ఉండరు, అన్నీ రైతే చేసుకుంటాడన్నాను. ఆవిడ నోరంతా తెరిచి నవ్వింది.

"కూలోళ్లు లేకుంట నాటెట్ల వడ్తది? గా ఆట చేసినోడు ఎన్నడు నాటుకు పోలేదు."

మా పరిశ్రమ గురించి ఆ ప్రయాణంలో విన్న అభిప్రాయాల్లో నేను మొట్టమొదట రాసుకున్నది ఇదే.

సిరిసిల్ల: సాంచాలు ఆగిన వేళ

సిరిసిల్లలో ఏ వీధిలో నడిచినా టకటకమని ఒకటే చప్పుడు. పవర్‌లూమ్‌లను అక్కడ సాంచాలంటారు. మాట వినపడాలంటే చెవి దగ్గరికి రావాలి. మల్లేశం కూడా దుబాయి వెళ్ళకముందు సాంచా నడిపిన మనిషే. పార్సిల్ సంచీ, మిగిలిన పసుపుతో సహా నా చేతిసంచిలో దాచి తెచ్చిన కార్డూ ఇచ్చి జరిగింది చెప్పాను. ప్లాస్టిక్ కవరు ఎక్కడో చిరిగి, కార్డు అంచుల్లోకి పసుపు దూరింది. అది చూసి ఆయనకూ గుబులు పుట్టింది.

"నర్సన్న రోజు అడుగుతుండు, కార్డచ్చిందా అని. కరాబైందంటే నేనేమని చెప్పాలె? పా మేడం, పెట్టి సూద్దాం."

సుదర్శనం అనే నేత పనివాడు సాంచాల షెడ్డు ముందు గదిలో రెండు టీవీలు పెట్టి ఆటలాడిస్తాడు. కార్డును మెత్తటి గుడ్డతో తుడిచి మిషన్‌లో పెట్టాడు. తెర వెలిగింది. కార్డును చదువుతున్నట్టు ఒక చక్రం తిరుగుతోంది.

కరెంటు పోయింది.

సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఊరంతా నిశ్శబ్దం. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడొచ్చేదీ ఎప్పుడు పోయేదీ ఎవరికీ తెలియదు. పనివాళ్ళు దారపు నలుసులు దులుపుకుంటూ బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నారు. నా ముఖం చూసి సుదర్శనం నవ్వాడు.

"పరేషాన్ గాకుండ్రి. చదివేటప్పుడు వోతే ఏం గాదు. కార్డుల ఆట రాసేటప్పుడు వోతేనే కరాబైతది."

మిర్చి బజ్జీలు వచ్చాయి. చుట్టూ చేరినవాళ్ళంతా షిఫ్టు అయ్యాక ఇక్కడ ఆడేవాళ్ళే. కొత్త ఆటల మీద వాళ్ళకు చాలా కోపం ఉంది.

"కొత్త ఆటలు మనల్ని అడుగకుంటనే వాటంతటవే రాసుకుంటున్నయి మేడం. గప్పుడే కరెంటు వోతే మొత్తం వోతది. నేను రాసుకొమ్మన్నప్పుడు రాసుకోవాలె" అన్నాడు సుదర్శనం. "సాంచా సూడుండ్రి. కరెంటు వోతే ఏడికాడికి ఆగుతది. పోగు తెగితే ముడేసుకుంటం. కరెంటచ్చినంక ఆడికెల్లే నేసుడు. ఆట గట్లెందుకుండదు?"

కరెంటు, ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటాయనుకునేవాళ్ళే ఆటలు చేస్తున్నారని ఇంకొకతను అన్నాడు. ఆ చేసేవాళ్ళలో నేనూ ఉన్నానని గుర్తొచ్చి బజ్జీ మీద దృష్టి పెట్టాను. అది కూడా మండిపోతోంది.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఉన్నట్టుండి వీధి చివర ఒక సాంచా కదిలింది, తర్వాత పక్కది, తర్వాత అన్నీ. లోపలికి పరుగెత్తాం. మళ్ళీ చక్రం తిరిగింది. తిరిగింది. ఆగింది.

గేటు కనపడింది.

రైతు గేటు బయట, ఇంటికేసి తిరిగి నిలబడి ఉన్నాడు. లోపల కోళ్ళు తిరుగుతున్నాయి. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. సౌజన్య ఎక్కడ వదిలిందో అన్నీ అక్కడే ఉన్నాయి. ఒంట్లో ఇంత బరువు మోస్తున్నానని అది దిగేదాకా నాకు తెలియలేదు. సిగ్గు విడిచి అందరి ముందూ ఏడ్చేశాను. మల్లేశం కూడా కళ్ళు ఒత్తుకున్నాడు.

వెనకనుంచి ఎవరో, "జర లోపటికి పోనియ్యి, ఆవును సూద్దాం" అన్నారు. మల్లేశం చెయ్యి బటన్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"వద్దు. లోపటికి నర్సన్ననే పోవాలె" అన్నాడు.

మిషన్ ఆపి, కార్డు తీసి, కొత్త కవర్లో చుట్టాడు. నేనేమీ చెప్పకుండానే సుదర్శనం ఇంట్లోంచి గిన్నె నిండా పసుపు తెచ్చి పెట్టాడు.

తిరిగొచ్చాక

బాసుకు నేను రాసిచ్చిన నివేదిక ఆయన ఊహించినంత పొడుగు లేదు. కార్డులు ఉంచాలని రాశాను. ఇంటర్నెట్‌లో కూడా పెట్టుకునే వీలుంటే ఉండనివ్వండి, అది ఆడేవాళ్ళ ఇష్టానికి వదలండి అని రాశాను. పంటల జాబితాలో పసుపు చేర్చాలని, కూలివాళ్ళు లేకుండా నాట్లు పడవని కూడా రాశాను. ఆయన రెండుసార్లు చదివి, కార్డుల మాట సరేనన్నాడు. పసుపు దగ్గర నవ్వాడు. అయినా మా బొమ్మలేసే అమ్మాయి నిన్న నా దగ్గరికొచ్చి పసుపాకు ఎంత వెడల్పు ఉంటుందని అడిగింది.

సౌజన్య ఫోను చేసినప్పుడు వెనక బతుకమ్మ పాటలు గట్టిగా వినపడుతున్నాయి. ఆ పిల్ల ఇంకా గట్టిగా అరుస్తోంది.

"మేడం! మల్లేశం మామ కార్డిచ్చిండట. నాయిన ఇప్పుడే ఫోన్ చేసిండు."

"నడిచిందా?" అన్నాను.

"నడిచింది మేడం. గేటు తీసుకొని లోపటికి పోయిండట."